కొండంత పొటెన్షియల్

మా కొండలకి మలేరియా ఎంత పాతదో పొటెన్షియల్ కూడా దాదాపు అంత పాతది. రెండూ బయటినుంచి వచ్చినవాళ్ళకే ముందు సోకుతాయి. లక్షణాలూ అవే. మొదట వణుకు, తర్వాత ఒళ్ళు కాలిపోవడం, ఆ వేడిలో ఏవేవో పలవరింతలు, చెమట పట్టి దిగాక నీరసం. తేడా అల్లా ఒక్కటే, మలేరియాకి మాత్ర ఉంది.

ఆమధ్య కొరాపుట్ నుంచి రాయగడకి రైల్లో వస్తుంటే ఆ జ్వరంతో ఉన్న కుర్రాడొకడు నా ఎదుటి సీట్లో తగిలాడు. నేను సునాబెడలో మా తోడల్లుడి ఇంట్లో నాలుగు రోజులుండి తిరిగొస్తున్నాను. అతనిది హైదరాబాదు. ఒళ్ళో టాబ్లెట్టు, మెడలో కార్డు, కాళ్ళకి కొండలెక్కడానికని కొన్న బూట్లు. బూట్లకి మట్టి ఇంకా అంటలేదు. ఏదో పెద్ద కన్సల్టెన్సీ తరఫున కొరాపుట్, రాయగడ జిల్లాల్లో ‘టెక్నాలజీ క్లస్టర్ల అభివృద్ధికి ప్రాంతీయ పొటెన్షియల్ మదింపు’ చేస్తున్నాడట. ఒడియా రాదు, కువి రాదు, దేశియా అని ఒక భాష ఉందనే తెలీదు. నేను పేపరు మడుస్తూ తెలుగులో "కాస్త జరుగు బాబూ" అనేసరికి ప్రాణం లేచొచ్చింది.

"అంకుల్, మీరు లోకల్ స్టేక్‌హోల్డర్ కదా! ఓ ఇరవై నిమిషాలిస్తారా?"

దశాబ్దాల తరబడి పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నన్ను మాస్టారన్నవాళ్ళున్నారు, పంతులన్నవాళ్ళున్నారు, వెనకాల ఇంకేదో అన్నవాళ్ళూ ఉన్నారు. స్టేక్‌హోల్డరన్నది మాత్రం ఇతనే. "ఇరవై నిమిషాలేం ఖర్మ, రాయగడ వచ్చేదాకా నీదే" అన్నాను. రాయగడ ఎప్పుడొస్తుందో పాపం అతనికి తెలీదు.

మొదటి ప్రశ్న: ఎయిర్‌పోర్టుకి ఎన్ని నిమిషాలు?

"నిమిషాల్లోనే చెప్పాలా?"

"గంటలు పెట్టుకోడానికి లేదంకుల్. ముప్ఫై లోపు, అరవై లోపు, తొంభై లోపు, తొంభై పైన. అంతే."

జయపురంలో విమానాశ్రయం ఉందయ్యా, 2022 అక్టోబరు ఆఖర్న విమానం మొదలైంది, కాకపోతే 9 సీట్లది అన్నాను. "కాబట్టి మీ క్లస్టరు వచ్చేటట్టయితే విడతలుగా రావాలి." అతను తలూపి ‘ఫేజ్‌డ్ డెవలప్‌మెంట్‌కి అనుకూలం’ అని రాసుకున్నాడు.

ఇంతలో సొరంగం. బయటపడేసరికి రాసినదంతా పోయి తెల్ల తెర మిగిలింది. సిగ్నలుంటేనే సేవ్ అవుతుందట. ఈ లైను వేసినవాళ్ళు కొండని తొలుచుకుంటూ తొలుచుకుంటూ 1990ల ఆఖరికి గాని రాయగడ చేరలేదు. అందుచేత మా సంభాషణంతా ఒక వెలుగు, ఒక చీకటి, మళ్ళీ మొదటి ప్రశ్న అన్న పద్ధతిలో సాగింది. మూడోసారి ఎయిర్‌పోర్టు దూరం అడిగేటప్పటికి నేనూ అటూ ఇటూగా తొంభై లోపే అనేశాను. గణాంకాలు ఇలాగే పుడతాయి.

"ఈ జిల్లాలో హైటెక్ పరిశ్రమ ఏదైనా ఉందా అంకుల్? లేకపోతే లేదని చెప్పేయండి, ఫర్వాలేదు."

ఆ ‘ఫర్వాలేదు’ నాకు భలే నచ్చింది. పరామర్శకొచ్చినవాడి గొంతు. బాబూ, నేను ఇప్పుడు బయల్దేరొచ్చిన సునాబెడలో హెచ్‌ఏఎల్ వాళ్ళ ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది. 1964లో పెట్టారు. మిగ్ విమానానికి ఒళ్ళు నాసిక్‌లో, మెదడు హైదరాబాదులో, గుండె ఇక్కడ. మిగ్-21లు 2025 సెప్టెంబరులో చండీగఢ్‌లో వీడ్కోలు పుచ్చుకుని రిటైరయ్యాయి గాని ఫ్యాక్టరీ కాలేదు, ఇప్పుడు సుఖోయ్-30 ఇంజన్లు చేస్తోంది. 2024 సెప్టెంబరులో రక్షణశాఖ 240 ఇంజన్లకి 26,000 కోట్ల రూపాయలు దాటిన ఆర్డరిచ్చింది. ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్ళు చెయ్యాలి. ఆ ఇంజన్లో టర్బైను రెక్క, లోహాన్ని కరిగించేంత వేడిగాలి నడుమ నిమిషానికి వేలసార్లు తిరుగుతూ కరక్కుండా నిలబడాలి. మా తోడల్లుడు ముప్ఫై నాలుగేళ్ళు ఆ ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇంట్లో మిక్సీ పాడైతే మాత్రం బజారుకి పంపిస్తాడు, అది వేరే సంగతి.

కుర్రాడు శ్రద్ధగా విన్నాడు. తెర మీద వేలు అటూ ఇటూ జరిపాడు. "అది డిఫెన్సు అంకుల్. వేరే షీటు."

దమన్‌జోడి వచ్చింది. ఇక్కడ నాల్కో అల్యూమినా రిఫైనరీ ఉంది. 1981లో కంపెనీ పెట్టి, ఫ్రాన్సు పెషినే కంపెనీ పరిజ్ఞానంతో కట్టారు. పంచపట్మాలి కొండ మీద తవ్విన బాక్సైటు 14 కిలోమీటర్ల పైచిలుకు బెల్టు మీద పడుకుని రిఫైనరీకి వస్తుంది. మావాళ్ళు ఆస్పత్రికి అంత సుఖంగా వెళ్ళరు. ఆ ముక్క చెప్పాను.

"అది మైనింగు షీటు."

"పోనీ, సెమీకండక్టర్ల గురించి ఏమైనా ప్రశ్నుందా నీ దగ్గర?"

"ఉందంకుల్. స్థానికంగా ముడిసరుకు ఉందా అని. లేదని పెట్టేస్తున్నా."

ఇక్కడ నాలోని మాస్టారు లేచాడు. బాక్సైటుని కాస్టిక్ సోడాలో ఉడికించి అల్యూమినా దింపుతారు కదా, ఆ ద్రావణంలోనే గాలియం అనే లోహం పిసరంత కరిగి ఉంటుంది. ప్రపంచానికి గాలియం దాదాపుగా ఆ ద్రావణాల్లోంచే వస్తుంది. రాడార్లకీ, ఫోన్లు గబగబా ఎక్కించే కొత్త ఛార్జర్లకీ వాడే చిప్పులు గాలియం నైట్రైడ్‌తో చేస్తారు. 2023 ఆగస్టు నుంచి చైనా దాని ఎగుమతికి లైసెన్సు ఉండాలని మెలిక పెట్టేసరికి పెద్ద పెద్ద దేశాలే ఉలిక్కిపడ్డాయి. తీస్తే లాభమా, ఎంత తియ్యాలి, ఎవరు తియ్యాలి అన్నవి లెక్కలు కట్టి చూడాల్సిన విషయాలు. ఆ లెక్క కట్టడాన్నే కదయ్యా మదింపు అంటారు! అతను కిటికీలోంచి రిఫైనరీ గొట్టాల వైపు చాలాసేపు చూశాడు. నిజంగానే ఆలోచించాడనుకుంటాను. ఆఖరికి నిట్టూర్చి, "అయినా ఇది మైనింగు షీట్లోకే వస్తుందంకుల్" అన్నాడు.

నాకూ పంతం పుట్టింది. కొరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్నాను: అగ్రికల్చర్ షీటు. కోట్‌పాడ్ నేతగాళ్ళు ఆల్ చెట్టు వేరులోంచి ఎరుపు తీసి నూలుకి అద్దే రసాయనశాస్త్రం ఉంది, 2005లోనే గుర్తింపు తెచ్చుకుంది అన్నాను: హ్యాండ్లూమ్ షీటు. డోంగ్రియా కోందుల కపడగండ శాలువా అన్నాను: ట్రైబల్ హెరిటేజ్ షీటు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు అన్నాను: ఎనర్జీ షీటు. ఇలా జిల్లాలో బుద్ధితో, చేత్తో, నిప్పుతో, నీటితో చేసే పనులన్నీ తలో షీట్లోకీ సర్దేశాక టెక్నాలజీ షీట్లో ఏం మిగులుతుంది? సున్నా. అప్పుల ఇంటికి జప్తుకొచ్చిన అమీనా ఒకడు బీరువా చూసి అది చెక్క, నగలు చూసి అవి ఆడవాళ్ళవి, గాదె చూసి అది పొలానిది అని పక్కన పెట్టి, చివరికి ఈ ఇంట్లో ఆస్తి లేదని సంతకం పెట్టాడట. ఆ అమీనా మనవలే ఇప్పుడు స్కోరు కార్డులు తయారుచేస్తున్నారని నా అనుమానం.

ఈ క్లస్టరన్నది నిన్న మొన్నటి మాట కాదు. 1890లో ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త షెఫీల్డ్ కత్తుల పనివాళ్ళ లాంటివాళ్ళు తరతరాలుగా ఒక్కచోటే ఎందుకు గుమిగూడతారా అని చూశాడు. ఒకే పనివాళ్ళు పక్కపక్కన బతికితే పనిలో గుట్టు దాచినా దాగదు, పిల్లలకి ఊపిరితోపాటే అబ్బుతుంది అని తేల్చాడు. నూరేళ్ళ తర్వాత, 1990లో, హార్వర్డులో మైకేల్ పోర్టర్ దాన్నే ఒక వజ్రం బొమ్మగా గీశాడు. బొమ్మ వచ్చిందంటే ఇంక చెప్పాలా, ప్రెజెంటేషన్లకి పండగే. మార్షల్ ఉన్న గుంపుని చూసి ఎందుకున్నారని అడిగాడు. వీళ్ళు లేని గుంపుని ఊహించుకుని ఎందుకు లేరని మమ్మల్ని అడుగుతారు.

నిజానికి మా కొండల మనిషికి క్లస్టరు పాఠం అక్కర్లేదు. దాన్ని మేం సంత అంటాం. సిమిలిగుడ దగ్గర కుందులి సంతకి వెళ్ళి చూడండి. అల్లం వాళ్ళొకపక్క, చిక్కుళ్ళ వాళ్ళొకపక్క, మేకల వాళ్ళొకపక్క. విశాఖ వైపు నుంచి లారీలతో వచ్చిన షావుకారు నోరు తెరవకముందే వాడు ఎంతకి కొంటాడో ఆ చివర ముసలమ్మకి తెలిసిపోతుంది. మార్షల్ గాల్లో ఉందన్న సరుకు అదే. ఏ ఇంక్యుబేషన్ సెంటరూ రిబ్బను కత్తిరించి దాన్ని మొదలుపెట్టలేదు.

ఈ మదింపుల్లో అసలు కొలిచేది మా ఊళ్ళని కాదు. 1998లో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించి వెళ్ళిన దగ్గర్నుంచీ దేశంలో ప్రతి ఊరునీ మాదాపూర్‌తో పోల్చి చూడటమే మదింపు. అక్కడ ఉన్నవి ఇక్కడ ఎన్ని? హోటల్ గదులెన్ని, మాల్స్ ఎన్ని, ఇంగ్లిష్ మీడియం బళ్ళెన్ని? పెళ్ళిచూపులకొచ్చి మన పిల్లని చూడకుండా పక్కింటి పిల్ల ఫొటో పక్కన పెట్టి ముక్కు తేడా కొలిచే పెద్దమనిషి వ్యవహారం.

హైదరాబాదుతోనే పోల్చాలంటే పోల్చాల్సిన చోటు వేరే ఉంది. అది బాలానగర్లో ఉంది. 1960ల్లో రష్యావాళ్ళ సాయంతో అక్కడ ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ వచ్చింది. అదే దశాబ్దంలో అదే రష్యా లైసెన్సుతో సునాబెడలో ఇంజన్ల ఫ్యాక్టరీ వచ్చింది. ఒకే మేనమామ ఇద్దరు మేనకోడళ్ళకి పెట్టిన సారె అనుకోండి. ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్ళు బయటికొచ్చారు, షెడ్లు వేశారు, సొంతంగా బల్క్ డ్రగ్స్ కాచడం మొదలుపెట్టారు. అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసి బయటికొచ్చినవారే, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. జీడిమెట్ల నుంచి పటాన్‌చెరు దాకా గొట్టాలు లేచాయి. చెరువుల గతేమైందో కూడా తెలుసనుకోండి, క్లస్టర్ల నివేదికల్లో చెరువులకి షీటుండదు. ఐడీపీఎల్ ఖాయిలా పడింది, దాని సంతానం మాత్రం ప్రపంచానికి మాత్రలమ్ముతోంది. సునాబెడ ఫ్యాక్టరీ నిక్షేపంలా ఉంది. దాని చుట్టూ పేరు చెప్పుకోదగ్గ పిల్ల గుంపు లేదు.

ఎందుకు? మా కొరాపుట్ పిల్లల మెదడు హైదరాబాదు పిల్లలకన్నా తేలికని కాదు. 1970 పేటెంట్ల చట్టం మందు మీద కాకుండా మందు చేసే పద్ధతి మీదే పేటెంటన్నది. కాబట్టి అప్పట్లో పద్ధతి మార్చుకున్నవాడు మందు కాచుకోగలిగాడు, కొనేవాళ్ళు ఊరూరా ఉన్నారు. మిగ్ ఇంజను పద్ధతి మార్చి మా తోడల్లుడు పెరట్లో చేశాడనుకోండి, ఎవరికమ్ముతాడు? కొనేది ఒక్క వైమానిక దళం. నక్షాలు రష్యావి, తాళాలు ప్రభుత్వానివి. టౌన్‌షిప్పు గోడలోపల ఆస్పత్రి, బడి, క్లబ్బు, గుడి. గోడ బయట వేరే లోకం. గోడ ఇవతలకి వచ్చింది జీతం డబ్బులు, పాత సామాను వేలం, రిటైరైనవాళ్ళు. ఆ 240 ఇంజన్లలో స్వదేశీ వాటా 63 శాతం దాకా తీసుకెళ్తామన్నారు. ఆ స్వదేశీలో కొరాపుట్ జిల్లాలో కోసిన మర ఒక్కటైనా ఉంటుందా, ఉండాలంటే ఎవరు ఏ తలుపు తియ్యాలి? నిజంగా పొటెన్షియల్ కొలవాలంటే పనికొచ్చే ప్రశ్న అది ఒక్కటి. కుర్రాడి ప్రశ్నావళిలో హోటళ్ళ మీద ప్రశ్నలున్నాయి గాని ఇది లేదు. నేను రాసుకోమన్నాను. ‘ఇతర వ్యాఖ్యలు’ అనే పెట్టెలో ఎక్కించడం మొదలుపెట్టాడు. సొరంగం వచ్చింది.

చీకట్లో ఉన్నంతసేపూ నాకు నా పాత తరగతి గది గుర్తొచ్చింది. పొటెన్షియల్ అన్న మాటని నేను చెప్పినన్నిసార్లు ఏ కన్సల్టెంటూ చెప్పి ఉండడు. స్థితిజశక్తి. మేడ మీద పెట్టిన రాయికి ఉండేది. దాని సూత్రం ఎం జి హెచ్: ద్రవ్యరాశి, భూమి లాగుడు, ఎత్తు. ఎత్తు ప్రకారం చూస్తే ఒడిశాలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, రాష్ట్రంలోకెల్లా పెద్దది, మా కొరాపుట్‌లోనే ఉంది. అయితే పిల్లలందరికీ తెలిసిన ఒక చిక్కుంది. ఆ రాయి కింద పడితేనే శక్తి బయటికొస్తుంది. ఎం మాది, హెచ్ మాది. జీ మాత్రం విశాఖది.

వరస చూడండి. మాచ్‌ఖండ్ నీళ్ళు దుడుమ దగ్గర కిందికి దూకితే 1955 నుంచి కరెంటు పుట్టింది, తీగలు సముద్రం వైపు దిగాయి. బైలదిల్లా ఇనుప ఖనిజం మా జయపురం, కొరాపుట్ల మీదుగా కేకే లైన్లో విశాఖ రేవుకి దిగుతుంది, జపానుకి పోవాలని 1960ల్లో వేసిన దారి అది. దమన్‌జోడి అల్యూమినాలో కొంత బొగ్గున్న అంగుల్‌కి వెళ్ళి లోహమవుతుంది, మిగిలింది విశాఖలో ఓడెక్కుతుంది. నాగావళి, వంశధార సిక్కోలుకి దిగుతాయి. కుందులి చిక్కుళ్ళు దిగుతాయి. గుణుపురంలో 1997లో పుట్టి ఇప్పుడు యూనివర్సిటీ అయిపోయిన ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఏటా పట్టాలు దిగుతాయి, వాటిని పట్టుకున్న పిల్లలతో సహా.

అన్నిటికన్నా ముందు దిగింది రాజుగారి డబ్బు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ, తెలుగులో కవిత్వం రాసి సాహిత్య సామ్రాట్టు అనిపించుకున్న మనిషి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. 1930ల నాటి లక్ష! విశాఖలో ఆ విశ్వవిద్యాలయపు సైన్స్ అండ్ టెక్నాలజీ కాలేజీకి ఇవాళ్టికీ ఆయన పేరే. అంటే ఈ తీరంలో టెక్నాలజీ అనే పేరుతో పెట్టిన బడికి పెట్టుబడి పెట్టినవాడు కొండ మీదివాడు. ఇప్పుడు ఆ తీరం నుంచి మనుషులు కొండెక్కి వచ్చి, మీ దగ్గర ఏంజెల్ ఇన్వెస్టర్లున్నారా అని అడుగుతున్నారు.

విశాఖ అంటే నాకు ఈర్ష్య ఏమీ లేదు. సగం మా వాళ్ళే అక్కడ. 1936 ఏప్రిల్ 1 దాకా మేమంతా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీవాళ్ళమే. పొద్దున్న లేచేసరికి ఒడిశా వచ్చింది, మేం లేచిన మంచం మాత్రం అదే. కాని లెక్క లెక్కే. 2025 ఏప్రిల్లో అక్కడ టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు. కుందులి సంతలో 99 పైసలకి అల్లం కొమ్ము విరిచివ్వరు. అక్టోబరులో గూగుల్ వచ్చి ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది. ఇలాంటివి జరిగినప్పుడు దాన్ని పొటెన్షియల్ అనరు, పాలసీ అంటారు. డబ్బు పెట్టాలని నిశ్చయించుకున్నచోట పాలసీ ఉంటుంది. పెట్టకూడదనుకున్నచోట మదింపు ఉంటుంది.

టికిరి దాటాం. కాశీపూర్ బ్లాకు. ఇక్కడ పొటెన్షియల్ కనిపెట్టిన చరిత్ర ఒకటుంది, అది నవ్వుతూ చెప్పడం నాకు చేతకాదు. బాఫ్లిమాలి కొండలో బాక్సైటు పొటెన్షియల్ ఉందన్న మదింపులో తప్పేం లేదు, అక్షరాలా నిజమైంది. 1990ల్లో ప్రాజెక్టన్నారు, జనం కాదన్నారు, 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు పోయారు. పదమూడేళ్ళ తర్వాత రిఫైనరీ ఉత్పత్తి మొదలైంది. మా వైపు పల్లెల్లో ఎవరైనా మీటరు టేపు పట్టుకుని కనబడితే ముసలాళ్ళు ముందు పిల్లల్ని లోపలికి పిలుస్తారు. వాళ్ళకి అభివృద్ధి అంటే గిట్టక కాదు. టేపు తర్వాత ఏమొస్తుందో చూసినవాళ్ళు.

ఆ కాల్పులు జరిగిన పన్నెండేళ్ళకి, మా జిల్లాలోనే నాకు తెలిసిన అసలు సిసలు మదింపు ఒకటి జరిగింది. నియమగిరిలో వేదాంత కంపెనీ కోసం బాక్సైటు తవ్వొచ్చా అని. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ మాట గ్రామసభలనే అడగమంది. జులై, ఆగస్టుల్లో వానలో, బురదలో, జిల్లా జడ్జి సమక్షంలో 12 పల్లెలు కూర్చున్నాయి, రాయగడలో 7, కలహండిలో 5. కన్సల్టెంటు లేడు, స్కోరు కార్డు లేదు. కొండ ఎవరిది, నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయి, దేవుడెక్కడుంటాడు అని వాళ్ళకి తెలిసినవి చెప్పారు. 12కి 12 వద్దన్నాయి. మదింపు అంటే ఉన్నచోటి మనుషుల్ని ‘మీకేం కావాలి’ అని అడిగి, చెప్పిన జవాబుకి కట్టుబడటం అనుకుంటే, అంత తక్కువ ఖర్చుతో అంత గట్టి నివేదిక మళ్ళీ రాలేదు. అది కుర్రాడికి చెబితే, "శాంపిల్ సైజు చిన్నది కదంకుల్" అన్నాడు.

మా పేర్లు మార్చడంలో కూడా సర్కార్లు ఏనాడూ బద్ధకించలేదు. మొదట వెనకబడినవాళ్ళం. తర్వాత కలహండి, బలంగిర్, కొరాపుట్ కలిపి కేబీకే అయ్యాం, చాక్లెట్టు పేరులా ఉంటుంది. 2018లో ‘ఆకాంక్షిత జిల్లాలు’ అన్నారు. రెండు జిల్లాలూ ఆ జాబితాలో ఉన్నాయి. ఎవరు ఎవర్ని ఆకాంక్షిస్తున్నారో వ్యాకరణంలో తేలలేదు. ఇప్పుడు పొటెన్షియల్. సాలూరు సరిహద్దులో కొటియా పల్లెలు మాత్రం మాకన్నా తెలివైనవి. ఆ 21 ఊళ్ళు మావంటే మావని ఆంధ్రా, ఒడిశా 1968 నుంచి సుప్రీంకోర్టుకెక్కి కూర్చున్నాయి. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఇద్దరూ రోడ్డేస్తామంటారు, ఇద్దరూ బియ్యం ఇస్తామంటారు. ప్రాంతీయ పోటీతత్వం అని పోర్టర్ రాసింది చదవకుండానే ఆచరించిన ఊళ్ళు.

కమలా పూజారి గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. జయపురం దగ్గర పత్రాపుట్ ఊరి పరజా గిరిజన రైతు. దాదాపు వంద రకాల దేశవాళీ వరి విత్తనాలు దాచిన మనిషి. జయపురం ప్రాంతం ఆసియా వరికి ఒక పుట్టిల్లని శాస్త్రవేత్తలంటారు. కొరాపుట్ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆమెని 2018లో ఒడిశా రాష్ట్ర ప్రణాళికా మండలిలో వేశారు, 2019లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో కన్నుమూసింది. విత్తనం ఎంచి, ఎండబెట్టి, పక్క ఊరివాళ్ళకిచ్చి పండించి, మళ్ళీ తెప్పించుకుని, తేడా గుర్తుపెట్టుకోవడాన్ని ల్యాబులో చేస్తే పరిశోధన అంటారు. "ఆర్ అండ్ డీ సిబ్బంది ఎంతమంది?" అన్న ప్రశ్నకి నేను ఆమెతో మొదలుపెట్టి లెక్క చెప్పబోయాను. డిగ్రీ కాలమ్ తప్పనిసరట. ఖాళీగా వదిలితే ఫారం ముందుకెళ్ళదు.

కేవుట్‌గుడ దాటేసరికి పొద్దు వాలింది. చెవులు కాస్త దిబ్బళ్ళు వీడాయి, అంత దిగాం మరి. రాయగడకి రైల్వే డివిజన్ వస్తోందట కదా అంకుల్, అది మాత్రం పెద్ద ప్లస్సు అన్నాడు. వస్తోంది. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఆ మధ్యలో అది దేనిలో ఉందో నువ్వే చెప్పు అన్నాను. నవ్వాడు. మంచివాడే. ఉద్యోగం చెడ్డది.

"ఆఖరి ప్రశ్న. స్థానికంగా నైపుణ్యం ఉన్న యువత దొరుకుతారా? మీ ఇంట్లోనే ఉదాహరణ చెప్పండి."

"పెద్దవాడు గచ్చిబౌలి. అమ్మాయి మధురవాడ. తోడల్లుడి కొడుకు బెంగళూరులో విమానం ఇంజన్ల కంపెనీలోనే, విదేశీది."

"సూపరంకుల్!" అని ‘టాలెంట్ లభ్యత: అత్యధికం’ అని నొక్కాడు. మొత్తం ఫారంలో మాకు నూటికి నూరు వచ్చిన గడి అదొక్కటే.

రాయగడలో ఇద్దరం దిగాం. అతను విశాఖ వెళ్ళే బండి మారాలి. టాబ్లెట్టు ఇంకా గిర్రున తిరుగుతోంది. ఇక్కడ సిగ్నలుంది కదా బాబూ, పంపించెయ్ అన్నాను.

"సిగ్నలుంది గానీ ఫైలు చాలా బరువైపోయిందంకుల్. కిందికెళ్ళాక చేస్తాను."

టీ ఇప్పించాను. తాగి కప్పు డబ్బాలో వేసి వచ్చేలోపు పార్వతీపురం వైపు పట్టాల మీద ఆకుపచ్చ దీపం వెలిగింది.